మద్యము వేసిన క్రీడావేషము

పూర్వము మద్యవ్యాపారమునకు కొంత సిగ్గుండెడిది. కల్లు దుకాణము ఊరి చివర నుండెడిది. సారాకొట్టు బడికిని గుడికిని దూరముగ నుండవలెనని సర్కారువారే నిర్ణయించిరి. త్రాగువాడు తల వంచుకొని పోయెడివాడు. అమ్మువాడు ధనవంతుడైనను సభలో ముందు వరుసకు రాజాలకుండెడివాడు. నేడా సిగ్గు తొలగినది. మద్యమిప్పుడు దొడ్డిదారిన రాదు. క్రీడామైదానపు సింహద్వారము గుండ మేళతాళములతో వచ్చును. విజేతల వెనుక పటమై నిలుచును, జట్టు పేరులో దూరును, పదేండ్ల బాలుని నోట నినాదమై పలుకును. ఊరి చివరి కొట్టును చూచి భయపడిన తల్లి, ఇంటిలోని టెలివిజను పెట్టెను చూచి భయపడుట యింకను నేర్చుకొనలేదు.

ఈ క్రొత్త వేషమును గురించి నేడు వ్రాయదలచితిమి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలోని పఠనమందిరములలో కూర్చుండి పత్రికలు చదువు పాఠకమహాశయులకు క్రికెట్టు ప్రపంచపు వ్యవహారము దూరమైనదిగ తోపవచ్చును. కాని కోటగోడ ప్రక్క ఖాళీ జాగాలో కట్టెబ్యాటుతో ఆడుకొను మన పిల్లవానికది దూరము కాదు. వాడు ఏ జట్టు చొక్కా కావలెనని తండ్రిని వేధించుచున్నాడో, ఆ చొక్కా చరిత్ర మనమెరుగవలసియున్నది.

2018వ సంవత్సరమున అంతర్జాతీయ క్రికెట్టు మండలి బీరా 91 అను బీరు కంపెనీతో అయిదేండ్ల ఒడంబడిక చేసికొనెను. ఆ ఒడంబడిక వలన ప్రపంచకప్పు మొదలగు మహాపోటీలకు ఆ కంపెనీ అధికార భాగస్వామియయ్యెను. ఇది కర్మాగారములలో సముద్రములవలె పొంగు పాతతరహా బీరు కాదట. ‘క్రాఫ్టు’ బీరట, అనగా చేతిపనితనముతో, ప్రత్యేకశ్రద్ధతో కాచినదట. పేరులోని 91 అను అంకె మన దేశమునకు టెలిఫోను వ్యవహారమున గల సంకేతసంఖ్య. అనగా సీసాపై దేశాభిమానమును ముద్రించినారన్నమాట! మరి 2015లో ఈ దేశీయమైన బీరు మొట్టమొదట కాగినదెక్కడ? బెల్జియము దేశమున. అక్కడ కాచి, ఓడలమీద తెచ్చి, మన దేశపు సంఖ్య అంటించి, మన యువకులకే అమ్మిరి. స్వదేశి యను మాటకు ఇంతకంటె పరిహాసము వేరొకటి యుండునా?

ఆ వైభవమేమయ్యెనో కూడ చెప్పవలెను. 2023-24 సంవత్సరమున ఆ కంపెనీ నష్టము దాని అమ్మకపు రాబడిని మించి, 700 కోట్ల రూపాయలు దాటెను. 2025లో జీతములు బకాయిపడినవని ఉద్యోగులు మొరపెట్టుకొనిరి. దీనికి ముందొక కథ కలదు. బీరు పేరుతోనే విమానములు నడిపిన కింగ్‌ఫిషర్ కంపెనీ 2012లో రెక్కలు ముడిచినప్పుడు, అందలి ఉద్యోగులు జీతములు లేక వీధిన పడిరి. పోటీలకు పోషకులమని పతాకములెత్తు సంస్థలు మొదట తమ కూలివానిని పోషింపవలెను గదా! ఇంట ఈగల మోత, బయట పల్లకి మోత యను సామెత వీరికొరకే పుట్టినట్లున్నది.

మన దేశమున మద్యపు ప్రకటనలకు ధర్మశాస్త్రము సమ్మతింపదు. రాజ్యాంగపు 47వ అధికరణము మాదకపానీయముల వాడుకను నిషేధించుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని శాసించుచున్నది. 1994 నాటి కేబుల్ టెలివిజను నియమములు మద్యమును ప్రత్యక్షముగ గాని పరోక్షముగ గాని ప్రోత్సహించు ప్రకటనలు కూడవన్నవి. 2022 జూనులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మరియొక అడుగు వేసి, నిషిద్ధవస్తువును మరియొక వస్తువు మాటున ప్రకటించుట తప్పని స్పష్టముగ వ్రాసెను. 2025 మార్చిలో, ఐపీఎల్ పోటీలు ప్రారంభము కాకముందే, కేంద్రప్రభుత్వ ఆరోగ్యసేవల డైరెక్టరు జనరలు ఆ పోటీల అధ్యక్షునికి లేఖ వ్రాసి, పొగాకు మద్యముల ప్రకటనలను, చాటుమాటు ప్రకటనలతో సహా, మైదానములలోను ప్రసారములలోను ఆపవలెనని కోరెను.

ఇన్ని యుండియు జరుగుచున్నదేమి? బీరు పేరు బీరుపై ప్రకటింపరాదు. కనుక నీటిసీసాపై ప్రకటింతురు. విస్కీ పేరు విస్కీపై చాటరాదు. కనుక సోడాపై చాటుదురు, సంగీతపు పళ్లెములపై చాటుదురు. ఏ అంగడిలోను సులభముగ దొరకని ఆ నీటికి కోట్ల రూపాయల ప్రకటనలేల? నీరు త్రాగుమని చెప్పుటకు సినిమాతారలు, క్రికెట్టు వీరులు, డప్పులు, నృత్యములు కావలెనా? దప్పికయే చెప్పదా? పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగుచు లోకము చూడలేదనుకొనునట. ఇచ్చట పిల్లి కన్నులు తెరచియే యున్నది. కన్నులు మూసికొన్నవారు కాపలాదారులు.

చాటు వేషములలోకెల్ల చతురమైనది జట్టు పేరు. 2008లో ఐపీఎల్ పుట్టినప్పుడు, బెంగుళూరు జట్టును యునైటెడ్ బ్రూవరీసు అధిపతి విజయ మాల్యా 11 కోట్ల డాలర్లకు పైగా నిచ్చి కొనెను. తన కంపెనీ అమ్ము ‘రాయల్ ఛాలెంజ్’ విస్కీని తలపించునట్లు ‘రాయల్ ఛాలెంజర్స్’ అని పేరు పెట్టెను. ఇక ప్రకటనకు డబ్బేల? ప్రతి పత్రిక ఆ పేరును ఉచితముగ అచ్చువేయును; ప్రతి వ్యాఖ్యాత ఉచ్చరించును; ప్రతి బాలుడు జపించును. ఆ జట్టు 2025 జూనులో కప్పు గెలిచిన నాటికి, దాని యాజమాన్యము లండను నగరపు డియాజియో సంస్థ చేతిలోనుండెను. కింగ్‌ఫిషర్ బీరు చేయు యునైటెడ్ బ్రూవరీసు కంపెనీ 2021లో హాలెండు దేశపు హైనెకెన్ వశమయ్యెను. మన బాలురు గొంతు చించుకొని అరచిన అరపులు ఏ సముద్రముల నవ్వలి ఖజానాలకు లెక్కకట్టబడుచున్నవో చదువరులే గ్రహింతురుగాక.

ఇక ‘క్రాఫ్టు’ అను మాటను విచారింతము. చేతిపని యన నేమో గద్వాలవారికి మరియొకరు చెప్పవలెనా? నూలు ఒడలు, పట్టు అంచు, పట్టు కొంగు వేర్వేరుగ నేసి, పోగు పోగునకు ముడివేసి, అతుకు కనబడకుండ ఒక్క చీరగ నిలుపు నేతగాని పని చేతిపని. దాని వెనుక తరతరముల కన్నుల వెలుగు కలదు. కుటుంబమంతయు మగ్గము చుట్టు తిరిగిన దినములు కలవు. మరి బీరులోని చేతిపని యెట్టిది? అమెరికాలో ఆ వృత్తిసంఘమువారు చేసికొన్న నిర్వచనము ప్రకారము, ఏటికి 60 లక్షల పీపాల వరకు కాచు కంపెనీయు ‘చిన్న’ కంపెనీయే, ‘క్రాఫ్టు’ కంపెనీయే. మన కొలతలో నది ఇంచుమించు 70 కోట్ల లీటర్లు! ఇంత చిన్నతనమును మన నడిగడ్డ నేతగాడు కలలోనైన కనియుండడు. చికాగోలోని గూస్ ఐలండు అను అట్టి భట్టీని 2011లో ప్రపంచమునకెల్ల పెద్దదైన బీరు సంస్థయే కొనివేసెను. సీసాపై చిత్రము మారలేదు, యజమాని మాత్రము మారెను.

నేతగానివద్దనుండి ఈ వ్యాపారము మాటను దొంగిలించినది. ‘చేతిపని’ యను పదమునకు గల గౌరవము, నమ్మకము, స్వచ్ఛత అను మూడిటిని కాజేసి మద్యపు సీసాకు కట్టినది. ఏ ప్రపంచకప్పు మైదానమున గద్వాల మగ్గము పేరు వ్రేలాడినది? ఏ విజేతకు మన చేనేత ఉత్తరీయము కప్పి, ఇది మా పోషకుల కానుకయని చెప్పిరి? చేతిపనిని గౌరవింపదలచిన మహానుభావులకు మార్గమిది తెరచియే యున్నది. వారు రారు. ఏలయన వారికి కావలసినది చేయి కాదు, గొంతుక.

ఈ విషయమున మన కల్లుగీత సోదరుల మాటయు చెప్పకుండరాదు. ప్రాణమునకు తెగించి తాటిచెట్టెక్కి, చెట్టుపన్ను కట్టి, ఎండకు వానకు నోర్చి కల్లు దించు గౌడసోదరుడు తన కుండపేరు మైదానమున చాటుటకు ఎన్నడు నడుగలేదు. ఆ కుండను ఆబ్కారీ అధికారి ఎప్పుడైనను వచ్చి పరీక్షింపగలడు. పరీక్షింపవలసినదే. మత్తుమందులు కలిపిన కల్తీకల్లు పాలమూరు సీమ నెట్లు పీడించినదో మనకు తెలియును. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేటు అను మందుల పేర్లు వైద్యునివద్ద వినవలసినవి. మన పల్లెలలో కల్లుకాంపౌండువద్ద వినవలసివచ్చినది. 2015లో సర్కారు కల్తీపై దండెత్తగా, ఆ మత్తునకలవాటుపడిన పేదలు వణకుచు, పిచ్చిచూపులు చూచుచు, ఆస్పత్రులలో బారులుతీరిరి. వ్యసనమనగా నేమో గ్రంథములలో వెదకవలసిన అవసరము మన జిల్లాలవారికి లేదు. కాబట్టి పేదవాని కుండకు పరీక్షయు, ధనికుని సీసాకు పతాకమును ఏ న్యాయము ప్రకారము నిర్ణయమైనవో చెప్పుడని అడుగుచున్నాము.

దీనికి ప్రతివాదులు చెప్పు సమాధానములు నాలుగు కలవు. వానిని దాటవేయక విచారింతము.

మొదటిది, బీరు స్వల్పమైనదనుట. సారావంటిది కాదు, విస్కీవంటిది కాదు, పెద్దమనుష్యుల పానీయమని చెప్పుదురు. లెక్కవేసి చూతము. మన దుకాణములలో ‘స్ట్రాంగు’ అని అమ్ము బీరులో నూటికి 8 పాళ్లవరకు మద్యసారముండును. 650 మిల్లీలీటర్ల సీసాలో నది 52 మిల్లీలీటర్లు. 60 మిల్లీలీటర్ల పెద్ద కొలత విస్కీలో నూటికి 42.8 పాళ్ల చొప్పున సుమారు 26 మిల్లీలీటర్లు. అనగా ఒక సీసా బీరు త్రాగినవాడు రెండు పెద్ద కొలతల విస్కీ త్రాగినవానితో సమానుడు. నురుగు తేలికయే, లోనున్నది తేలిక కాదు. మద్యము కేన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ కేన్సరు పరిశోధనసంస్థ 1988లోనే నిర్ణయించెను. ఇంత మాత్రము త్రాగిన హాని లేదని చెప్పదగిన కొలత లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించెను.

రెండవది, ఆటకు డబ్బు కావలెననుట. ఈ మాట వెనుక పొగాకు విషయమునను వింటిమి. 1996 ప్రపంచకప్పునకు విల్సు సిగరెట్టు పేరే కిరీటముగ నుండెను. మన జట్టు వారి చొక్కాలపైనను ఆ పేరే యుండెను. 2003లో పార్లమెంటు పొగాకు ప్రకటనలను, పోషకత్వమును నిషేధించు చట్టము చేసెను. క్రికెట్టు చచ్చెనా? అయిదేండ్లకే ఐపీఎల్ పుట్టెను. 2023 నుండి 2027 వరకు అయిదేండ్ల ప్రసారహక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయెను. నిన్నమొన్నటి మరియొక నిదర్శనము వినుడు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెముల ఆన్‌లైను ఆటలను నిషేధింపగా, మన జాతీయ జట్టు చొక్కాపైనున్న పందెపు కంపెనీ పేరు తొలగిపోయెను. బోర్డు భిక్షాపాత్ర పట్టుకొనెనా? మరుసటి నెలలోనే టైర్లు చేయు కంపెనీ యొకటి 579 కోట్ల రూపాయలకు ముందుకు వచ్చెను. ఒక చెడు తలుపు మూసిన, మంచి తలుపు తెరచుకొనును. మూయు ధైర్యమే కొరత.

మూడవది, వ్యక్తిస్వాతంత్ర్యము. పెద్దవాడు తన యిష్టము వచ్చినది త్రాగుటకు మీరెవరందురు. ఈ వ్యాసమున మేమెవరి గ్లాసునకును అడ్డుపడలేదు. త్రాగుట ఒకటి, త్రాగుడును గొప్పగా చాటుట మరియొకటి. పెద్దవాడు తెలిసి త్రాగుట అతని స్వాతంత్ర్యమందురా? అగుగాక. మరి పదేండ్ల బాలునికి తెలియకుండ వాని అభిమానవీరుని ముఖమును సీసాకు తగిలించి, పదేండ్ల తరువాత అమ్ముకొనదలచుట ఎవరి స్వాతంత్ర్యము? స్వాతంత్ర్యము విచారణశక్తిపై నిలుచును. ప్రకటన విచారణశక్తిని నిద్రపుచ్చుటకే పుట్టినది. ఈ రెండిటిని ఒక్క త్రాసులో తూచుట వాదము కాదు, మోసము.

నాలుగవది, ఖజానా. ఆబ్కారీ లేక ప్రభుత్వమెట్లు నడచుననుట. ఈ పాట నిజాము కాలమునను వింటిమి. నాడును ఆబ్కారీ ఆ రాజ్యపు ప్రధానాదాయములలో నొకటి. రాజ్యము మారెను, జెండా మారెను, పాట మారలేదు. 2025-26 తెలంగాణ బడ్జెటులో ఆబ్కారీ శాఖ రాబడి 27 వేల కోట్ల రూపాయలకు పైగా నంచనా వేయబడెను. 2025లో 2,620 దుకాణములకు చీట్లు తీయుటకై, తిరిగిరాని 3 లక్షల రుసుముతో సుమారు 95 వేల దరఖాస్తులు వచ్చెను. కేవల మా దరఖాస్తుల వలననే 2,800 కోట్లకు పైగా సమకూరెను. ఈ ఆధారపడుటలోని అపాయమేమనగా, ఆధారపడినవాడు ఎదిరింపజాలడు. 2025 జనవరిలో ధరలు పెంచలేదనియు, బకాయిలు తీరలేదనియు చెప్పి యునైటెడ్ బ్రూవరీసువారు తెలంగాణకు బీరు సరఫరా నిలిపివేసిరి. ఫిబ్రవరి గడచులోపలనే బీరు ధర నూటికి 15 పెరిగెను. ఎవరు ఎవరిని శాసించుచున్నారో గ్రహించుటకు రాజనీతిశాస్త్రము చదువనక్కరలేదు.

ఖజానా వాదమునకు మరియొక సమాధానము కలదు. పన్ను వేరు, పోషకత్వము వేరు. పన్ను కట్టిన మద్యవ్యాపారికి పేరు రాదు. ప్రభుత్వము వాని సొమ్ము పుచ్చుకొనుచునే వాని సరుకుపై హెచ్చరిక ముద్రింపించును. మైదానమున పోషకుడైన వ్యాపారికి మాత్రము పేరు వచ్చును, గౌరవము వచ్చును, మంగళవాద్యము వచ్చును. పన్ను వ్యసనముపై వేసిన భారము. పోషకత్వము వ్యసనమునకు కప్పిన శాలువ. మొదటిదానిని చూపి రెండవదానిని సమర్థించుట తగదు.

ఇతరదేశములు చేయలేనిది మనల చేయుమనుట లేదు. ఫ్రాన్సు, ద్రాక్షసారాయికి పుట్టినిల్లు. ఆ దేశమే 1991లో చట్టము చేసి క్రీడలలో మద్యపు పోషకత్వమును నిషేధించెను. 1998లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు ఆ దేశముననే జరిగెను, మైదానములలో బీరు పలకలు లేకయే జరిగెను, ఫ్రాన్సే గెలిచెను. హైనెకెన్ పేరుగల రగ్బీ పోటీని ఫ్రాన్సులో ‘హెచ్ కప్పు’ అని మాత్రమే పిలువవలసివచ్చెను. 2022లో కతరు దేశము, పోటీలు ఇక రెండు దినములున్నవనగా, మైదానములచుట్టు బీరు అమ్మరాదని చెప్పెను; ఫీఫావారు తలయూపిరి. అదే ఫీఫావారు 2014 పోటీలకొరకు బ్రెజిలు దేశముచేత మైదానములలో మద్యమును నిషేధించిన తన చట్టమునే సడలింపజేసిరి. భేదమేమి? ఒక యింటివాడు గడప వద్ద నిలిచెను. మరియొకడు అతిథికి తాళపుచెవి యిచ్చెను. 2024లో ఒలింపిక్ పోటీలకు సైతము ఒక బీరు సంస్థ ప్రపంచ పోషకురాలయ్యెను; మద్యసారము లేని బీరు పేరు ముందుంచెను. మనదేశపు నీటిసీసా చమత్కారమును ప్రపంచము కూడ నేర్చినదన్నమాట.

క్రీడాకారులలోను వెన్నెముకగలవారు కలరు. దక్షిణాఫ్రికా జట్టు చొక్కాపై బీరు ముద్ర ధరించుటకు హషీమ్ ఆమ్లా నిరాకరించెను; ఆ కారణమున అతని పరుగులు తగ్గలేదు. మన తెలుగువాడైన పుల్లెల గోపీచందు 2001లో ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటను విజేతయైన పిమ్మట, శీతలపానీయముల ప్రకటననే వలదనెను. అది మద్యము కాదు, వట్టి తీపినీరు. అయినను పిల్లలకు మేలుచేయనిదానిని తాను పొగడనని నిలిచెను. ఆ మనుష్యుడే తరువాత ఒలింపిక్ పతకములు తెచ్చు శిష్యులను తయారుచేసెను. ధనమును కాదన్న చేతికి దరిద్రము పట్టలేదు; దేశమునకు పతకములు దక్కెను.

ఇక మన యింటి సంగతి. పాలమూరు కూలి యను మాట భారతదేశమంతట వినబడినది. ఆనకట్టలు, కాలువలు, రాజమార్గములు, బొంబాయి పూనాల మేడలు మనవారి చెమటతో లేచినవి. గుంపుమేస్త్రీ చేతిలో ముందుసొమ్ము పుచ్చుకొని, ఇల్లు విడిచి, నెలలతరబడి గుడారములలో బ్రతికిన కుటుంబముల కష్టార్జితము ఊరికి తిరిగివచ్చినప్పుడు, దానికై మొదట చేయిచాచునది ఏది? అనుమతి లేని బెల్టుదుకాణము. భార్య దాచిన సొమ్ము, బిడ్డ బడి రుసుము, ఎద్దులజత బయానా అచ్చటనే కరగును. ఆ కరగిన సొమ్ములోని ఒక పాలు ఎక్కడో నగరపు మైదానమున దీపములై వెలుగును, బాణసంచాయై ప్రేలును. ఆ వెలుగును చూచి చప్పట్లు కొట్టునది ఆ కూలివాని కుమారుడే! ఈ చక్రము తిరుగుచుండగా దానికి క్రీడాభివృద్ధియని పేరు పెట్టుట ఎంతటి సాహసము!

ఈ సీమలో అక్షరమునకు బలము కలదని మరువరాదు. గద్వాల ప్రాంతపు ఇటికాలపాడునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షులై, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైరి. గ్రంథాలయములే నాడు ప్రజల కోటలు. నెల్లూరుజిల్లా దూబగుంటలో 1992లో సారాపై లేచిన స్త్రీల ఉద్యమము సైతము అక్షరాస్యత తరగతుల చదువునుండియే బలము పొందెను. వాచకమందలి పాఠము చదివిన తల్లులు సారాకొట్టు మూయించిరి. 1993 అక్టోబరు 1న సారా నిషేధమయ్యెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఖజానా పేరుతో ఎత్తివేయబడెను. చట్టము పోయెను గాని, చదివిన తల్లి పోలేదు. ఆమెకు ఎదురుగ నేడు సారాకొట్టు కాదు, వెలుగుదీపముల మైదానము నిలిచినది. దానిని ఎట్లు చదువవలెనో ఆమెకును, ఆమె బిడ్డకును నేర్పవలసిన భారము పఠనమందిరములది.

కర్తవ్యమేమనగా నాలుగు మాటలు చెప్పెదము. ప్రభుత్వము క్రొత్త చట్టమేదియు చేయనక్కరలేదు. ఉన్న నియమములను మైదానపు గోడలకును, జట్ల చొక్కాలకును, చరవాణి తెరలకును సమానముగ వర్తింపజేయవలెను. ఒకే పేరు సీసాపైనను నీటిపైనను ఉన్నచో, ఆ నీటిప్రకటన మద్యపు ప్రకటనయే యని నిస్సంకోచముగ నిర్ణయింపవలెను. క్రికెట్టు బోర్డు పొగాకును, పందెమును వదలినట్లే మద్యపు పేర్లను తన ఒడంబడికలనుండి తొలగింపవలెను. తారలును వీరులును తమ పిల్లలచేత త్రాగింపనిదానిని పరుల పిల్లలకు చూపకుండవలెను.

నాలుగవ మాట మనది. సంక్రాంతికి మన ఊళ్లలో క్రికెట్టు, కబడ్డీ పోటీలు జరుగును. జాతరలలో ఎద్దుల బండలాగు పందెములు జరుగును. ఈ బండలాగు పందెములను ఏ భట్టీ నడపినది? రైతు తన ఎద్దులను బిడ్డలవలె మేపి తెచ్చును, ఊరివారు తలా కొంత వేసికొని బహుమానమిత్తురు, వేలజనము చూచును. మద్యపు పతాకము లేనందున ఏ ఎద్దును బండ లాగనని మొరాయించలేదు! మన పోటీల సంఘములు ఈ మర్యాదనే పట్టుకొని, మద్యపు దుకాణదారుని చందా, వాని పేరుగల బ్యానరు, వాని చేతి బహుమానము వలదని తీర్మానింపవలెను. బహుమతి వేయిరూపాయలు తగ్గవచ్చును. తగ్గనిండు. ఊరి తల్లులు ఇచ్చిన నూరురూపాయలు సీసాగాడిచ్చిన వేయింటికంటె బరువైనవి. గెలిచిన జట్టునకు గద్వాల చేనేత కండువా కప్పుడు. చేతిపనికి క్రీడాగౌరవము చేయదలచినచో మార్గమది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలోని ప్రతి పఠనమందిరము ఈ విషయమున ఒక్క తీర్మానము చేసి బోర్డునకును, ప్రభుత్వమునకును పంపుగాక. ఒక్క ఉత్తరము చెత్తబుట్టలో పడును. నూరు ఉత్తరములు బల్లపై నిలుచును. ఆట మనది, చెమట మనది, పిల్లలు మనవారు. మైదానపు గోడపై ఎవరి పేరు వ్రాయవలెనో నిర్ణయించు హక్కును సీసాకు అమ్ముకొనిన జాతి, ఎన్ని కప్పులు గెలిచినను ఓడిన జాతియే.